పాత రాజ్‌దూత్ 350 చేతికొచ్చిందా? వేగం పెంచే ముందు చూడవలసినవి ఇవీ

భారతదేశంలో ‘మజిల్ బైక్’ అన్న మాట వాడుకలోకి రాకముందే ఆ తరహా బండి ఒకటి మన రోడ్ల మీద తిరిగింది. దాని పేరు రాజ్‌దూత్ 350. తయారీ ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటినా, షెడ్లలో దుమ్ము పట్టి పడి ఉన్న ఈ బండ్లను వెతికి కొని, బాగుచేయించి నడిపే అభిమానులు దేశమంతటా ఉన్నారు.

అయితే అలాంటి బండి చేతికి రాగానే చాలామంది మనసు ముందుగా సైలెన్సర్ మీదికి, ఆ తర్వాత కార్బొరేటర్ మీదికి పోతుంది. బ్రేకుల సంగతి, ఇంజిన్ లోపలి స్థితి సంగతి చివరికి మిగులుతాయి. ఈ వరుసలోనే ప్రమాదం ఉంది. టూ-స్ట్రోక్ ఇంజిన్ మంచి వేగంలో పట్టేస్తే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అప్పుడు నడిపే మనిషికి దొరికే వ్యవధి చాలా స్వల్పం.

ఇంతకీ పాత బండిని ట్యూన్ చేయడం అంటే ఏమిటి? ఏ పని ముందు, ఏ పని తర్వాత? చట్టం ఎంతవరకు అనుమతిస్తుంది?

ఏమిటీ బండి?

జపాన్ సంస్థ యమహా 1973లో విడుదల చేసిన మోటారు సైకిల్ ఆర్‌డీ350. ఎస్కార్ట్స్ సంస్థ యమహా లైసెన్సుతో 1983లో దీనిని భారత్‌లో తయారు చేయడం మొదలుపెట్టింది. అప్పటికే తన వద్ద ఉన్న ‘రాజ్‌దూత్’ పేరునే దీనికీ పెట్టింది. హిందీలో ఆ మాటకు రాయబారి అని అర్థం.

ఇందులో 347 సీసీ సామర్థ్యం గల రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉంటుంది. బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54 మిల్లీమీటర్లు. గాలితో చల్లబడే ఇంజిన్. ఆరు గేర్లు. నాలుగు గేర్ల బండ్లే సర్వసాధారణంగా ఉన్న ఆ రోజుల్లో ఇది విడ్డూరమే.

విదేశాల్లో అమ్మిన ఆర్‌డీ350 శక్తి 39 బీహెచ్‌పీ. భారత్‌లో తొలుత వచ్చిన ‘హై టార్క్’ రకానికి దానిని 30.5కు, ఆ తర్వాతి ‘లో టార్క్’ రకానికి 27కు తగ్గించారు. మైలేజీ పెంచాలన్నది ఉద్దేశం. అలా తగ్గించినా, అప్పటి బుల్లెట్ 350 ఇచ్చే సుమారు 18 బీహెచ్‌పీతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ.

ఖర్చు తగ్గించడానికి చేసిన మరో మార్పు ఇప్పటికీ ఈ బండి యజమానులను వెంటాడుతోంది. యమహా బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది. రాజ్‌దూత్‌కు దాని స్థానంలో డ్రమ్ బ్రేకు అమర్చారు. అంటే ఈ బండికి పరుగెత్తే శక్తి ఒక తరగతిది, ఆగే శక్తి మరో తరగతిది. ట్యూనింగ్ గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ఈ విషయం దృష్టిలో ఉండాలి.

పెట్రోలు ఎక్కువ తాగడం, విడిభాగాల ధర, వాటిని బాగుచేయగల మెకానిక్‌ల కొరత కలిసి ఈ బండిని మార్కెట్‌లో నిలవనీయలేదు. 1985లో వచ్చిన 98 సీసీ యమహా ఆర్‌ఎక్స్100 మాత్రం ఇంటింటి బండి అయింది. 2018లో ఒక తెలుగు సినిమాకు అదే పేరు పెట్టేంతగా అది జనంలో నాటుకుపోయింది. కింద చెప్పుకోబోయే సూత్రాల్లో చాలావరకు ఆర్‌ఎక్స్100కూ, అలాంటి ఇతర టూ-స్ట్రోక్ బండ్లకూ వర్తిస్తాయి.

కొనేముందు కాగితాలు

ఇంజిన్ చప్పుడు వినడానికి ముందే రెండు నంబర్లు చూడాలి. ఒకటి ఇంజిన్ నంబరు, రెండోది ఛాసిస్ నంబరు. ఈ రెండూ రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోలాలి. అంకెలు చెరిపి మళ్లీ కొట్టినట్లు, చుట్టూ లోహాన్ని అరగదీసినట్లు కనిపిస్తే ఆ బండి జోలికి పోకపోవడమే మంచిది. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా అనుమానించడానికి కారణం ఉండి కూడా కొన్నవారికి భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ శిక్ష విధిస్తుంది.

దేశంలో సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లపాటు చెల్లుతుంది. ఆ తర్వాత వాహనం సామర్థ్యాన్ని పరీక్షించి అయిదేసి ఏళ్లకు పొడిగిస్తారు. 1980ల నాటి బండికి ఈ పొడిగింపు ఇప్పటికే పలుమార్లు జరిగి ఉండాలి. మధ్యలో ఆగిపోయి ఉంటే బకాయిలు, రుసుములు ఎవరు భరిస్తారో బేరం కుదిరేటప్పుడే తేల్చుకోవాలి.

యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 అవసరం. బండి వేరే రాష్ట్రంలో రిజిస్టరై ఉంటే అక్కడి అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కూడా కావాలి. మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలి. దిల్లీ రాజధాని ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత కూడా ఈ అంశంపై ఉత్తర్వులు మారుతూ వచ్చాయి. అక్కడ నడపాలనుకునేవారు తాజా నిబంధన ఏమిటో కనుక్కోవాలి.

‘వింటేజ్ వాహనం’గా నమోదు చేయించవచ్చు కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకే ఆ హోదా. తొలి ఏడాది వచ్చిన రాజ్‌దూత్ 350కి కూడా 2033 దాకా ఆ అర్హత రాదు. పైగా ఆ హోదా పొందిన వాహనాన్ని రోజువారీ అవసరాలకు నడపకూడదు.

మొదట మార్చకండి, కొలవండి

కొత్తగా చేతికొచ్చిన పాత బండి విషయంలో పాటించవలసిన తొలి నియమం, దేన్నీ వెంటనే మార్చకపోవడం. గత 40 ఏళ్లలో ఎందరో మెకానిక్‌లు ఎన్నో సర్దుబాట్లు చేసి ఉంటారు. ప్రస్తుతం ఏది ఎలా ఉందో రాసి పెట్టుకోకుండా మార్పులు మొదలుపెడితే, తర్వాత వచ్చిన లోపం పాతదో కొత్తదో చెప్పడం కష్టం.

రెండు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొలవాలి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్ రంధ్రంలో గేజి అమర్చి, సూది ఇక పైకి కదలనంత వరకు కిక్ కొట్టాలి. రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి మించితే పిస్టన్ రింగులో, బోరో అరిగిందని అనుమానించాలి.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యమైనది. అదే గాలి లీకు పరీక్ష. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్‌లోకి నేరుగా పోదు. ముందుగా క్రాంక్ గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి వస్తుంది. క్రాంకు ఇరువైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు ఆ గదికి తలుపుల లాంటివి. కొన్నేళ్లు కదలకుండా పడి ఉన్న బండిలో ఈ రబ్బరు గట్టిపడి పగులుతుంది.

డైనమో వైపు సీలు పోతే లెక్కలో లేని గాలి లోపలికి చొరబడి మిశ్రమం పలచబడుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్‌బాక్స్‌లోని నూనెను ఇంజిన్ పీల్చుకుంటుంది. పొగ ఒక్కసారిగా పెరిగి, గేర్ ఆయిల్ మట్టం పడిపోతుంటే కారణం ఇదే కావచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మార్గాలను మూసి, లోపలికి సుమారు 6 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి నింపి చూస్తే ఈ లీకులు బయటపడతాయి. కొన్ని నిమిషాలపాటు ఆ ఒత్తిడి దాదాపుగా నిలవాలి. అంతకంటే బాగా ఎక్కువ గాలి కొడితే మంచి సీళ్లు కూడా ఊడిపోతాయి.

ఈ పరీక్షలో తప్పిన ఇంజిన్‌కు కార్బొరేటర్ సర్దుబాటు చేయించడం వృథా ప్రయాస. చిల్లు కుండలో నీళ్లు కొలిచినట్లే అవుతుంది.

ముందు ఆగనివ్వండి

కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం కన్నా 100 కిలోమీటర్ల వేగంలో ఆ శక్తి దాదాపు 2.8 రెట్లు. బ్రేకులు ఆ మొత్తాన్నీ వేడిగా మార్చి బయటికి పంపాలి. డ్రమ్ బ్రేకులో ఆ వేడి లోపలే చిక్కుకుని, వెంటవెంటనే రెండు మూడుసార్లు గట్టిగా నొక్కేసరికి పట్టు సడలుతుంది.

రాజ్‌దూత్ ముందు డ్రమ్‌లో రెండు షూలూ ముందుండి పట్టే ఏర్పాటు ఉంది. సరిగా అమర్చితే అది చెడ్డ బ్రేకేమీ కాదు. అమరిక కుదరకపోవడమే ఎక్కువ సందర్భాల్లో అసలు సమస్య. రెండు షూలను కలిపే కడ్డీ పొడవు సరిగా లేకపోతే ఒక షూ మాత్రమే డ్రమ్‌ను తాకుతుంది. అప్పుడు సగం బ్రేకుతోనే బండి నడుస్తున్నట్లు లెక్క.

డ్రమ్ గుండ్రతనం తప్పి ఉంటే లేత్ మీద సవరించాలి. కొత్త షూలను ఆ డ్రమ్ వంపునకు సరిపోయేలా అరగదీయించాలి. కేబుల్ కొత్తది వేయాలి. ఈ మూడు పనులకు అయ్యే ఖర్చు ఒక కొత్త సైలెన్సర్ ధర కన్నా తక్కువే ఉంటుంది.

కొందరు వేరే బండ్ల ఫోర్కు, చక్రంతో సహా డిస్క్ బ్రేకు తెచ్చి బిగిస్తారు. ఆగే శక్తి పెరుగుతుందన్నది నిజమే. అయితే ఫోర్కు పొడవు మారితే హ్యాండిల్ కోణం, బండి వాలు మారతాయి. మలుపుల్లో ప్రవర్తన తేడాగా ఉంటుంది. అలాంటి పనిని కొలతలు తెలిసినవారే చేయాలి. దానికి చట్టపరమైన చిక్కు కూడా ఉంది. దాని గురించి తర్వాత చూద్దాం.

టైర్ల గీతలు చూసి మోసపోకూడదు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. గీతలు ఎంత లోతుగా ఉన్నా, ఏళ్ల తరబడి ఎండలో గట్టిపడిన రబ్బరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. హ్యాండిల్ బేరింగులు, వెనక స్వింగ్ ఆర్మ్ బుష్షులు, ఫోర్కు ఆయిల్ కూడా ఈ దశలోనే చూసుకోవాలి.

ఇంజిన్ ఎందుకు పట్టేస్తుంది?

కారు ఇంజిన్‌లో నూనె అడుగున వేరుగా నిల్వ ఉండి తిరుగుతూ ఉంటుంది. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో అలా కాదు. పెట్రోలుతో పాటే నూనె లోపలికి వెళ్లి, పని చేసి, కాలిపోయి బయటికి పోతుంది. రాజ్‌దూత్ 350లో ‘ఆటోల్యూబ్’ అనే పంపు థ్రాటిల్‌కు అనుసంధానమై, వేగాన్ని బట్టి నూనె అందిస్తుంది.

పాత పంపును నమ్మలేక చాలామంది దానిని తీసేసి పెట్రోలులోనే నూనె కలుపుతారు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల నూనె కలిపితే 25:1 నిష్పత్తి అవుతుంది. ఏ నిష్పత్తి ఎంచుకున్నా కొలిచి కలపాలి. ‘ఇంకాస్త ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు మంచిదే’ అన్న నమ్మకం పూర్తిగా సరైనది కాదు. నూనె పెరిగిన మేరకు జెట్ గుండా వెళ్లే ద్రవంలో పెట్రోలు తగ్గుతుంది. అంటే మిశ్రమం పలచబడుతుంది.

మెకానిక్‌లు ‘లీన్’ అనే ఈ పలచని మిశ్రమమే టూ-స్ట్రోక్ ఇంజిన్‌కు ప్రధాన శత్రువు. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే మంట వేడి పెరుగుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇనుప బోరు కన్నా త్వరగా వ్యాకోచిస్తుంది. వాటి మధ్య ఉండవలసిన సన్నని సందు మూసుకుపోయి పిస్టన్ బోరును పట్టేస్తుంది.

ఇటీవలి కాలంలో దీనికి మరో కారణం తోడైంది. దేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు విస్తృతంగా అమ్ముతున్నారు. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. లెక్క వేస్తే ఈ20కి సుమారు 13.5 కిలోలు అవసరం. ఆధునిక బండ్లలో సెన్సర్లు ఈ తేడాను గుర్తించి పెట్రోలును సర్దుతాయి. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ మార్చకుండా అదే బండిలో ఈ20 పోస్తే మిశ్రమం కొన్ని శాతం పలచబడుతుంది.

ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచే బండిలో ట్యాంకు తుప్పు పట్టడం, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి ఉబ్బడం జరగవచ్చు. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే పెట్రోలు గొట్టాలు, కొత్త సీళ్లు, మంచి వడపోత అమర్చడం నేటి పరిస్థితుల్లో తప్పనిసరి.

ఘాట్ రోడ్ల మీద దిగేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. శ్రీశైలం, అరకు వంటి చోట్ల థ్రాటిల్ పూర్తిగా మూసి, తక్కువ గేరులో ఇంజిన్ పట్టుతో చాలాసేపు దిగితే లోపలికి పెట్రోలు వెళ్లదు. పెట్రోలులో నూనె కలిపే బండ్లలో పెట్రోలు వెళ్లకపోతే నూనె కూడా వెళ్లనట్లే. మధ్యమధ్యలో థ్రాటిల్ కొద్దిగా తిప్పుతుండాలి. నడిచేటప్పుడు ఇంజిన్ చప్పుడు మారి శక్తి హఠాత్తుగా తగ్గినట్లు అనిపిస్తే, మరో ఆలోచన లేకుండా క్లచ్ నొక్కాలి. చక్రం బిగుసుకోకుండా కాపాడేది ఆ ఒక్క కదలికే.

మెరుపు సమయం

స్పార్క్ ప్లగ్ ఏ క్షణాన మెరవాలన్నది పిస్టన్ స్థానాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పిస్టన్ పైకొసకు చేరడానికి కొద్ది మిల్లీమీటర్ల ముందే మెరుపు రావాలి. రాజ్‌దూత్ 350లో ప్రతి సిలిండర్‌కు వేరే పాయింట్ల జత ఉంటుంది. ఒకటి సరిగా ఉండి రెండోది తప్పితే, బండి నడుస్తూనే ఉంటుంది గానీ ఒక సిలిండర్ మీద భారం, వేడి పెరుగుతూ పోతాయి.

అందుకే ప్లగ్ రంధ్రంలో డయల్ గేజి పెట్టి, రెండు సిలిండర్లకూ విడివిడిగా, తయారీదారు పుస్తకంలోని అంకె ప్రకారం టైమింగ్ సరిచేయాలి. మెరుపు మరీ ముందుకు జరిగితే తొలుత బండి చురుగ్గా ఉన్నట్లు అనిపిస్తుంది. కానీ లోపల మిశ్రమం అదుపు తప్పి పేలి, చివరికి పిస్టన్ నెత్తిన చిల్లు పడుతుంది.

పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవడం ఈ బండికి చేయదగిన ఉపయోగకరమైన మార్పుల్లో ఒకటి. అరిగే భాగాలు లేనందున ఒకసారి సరిచేసిన టైమింగ్ చాలాకాలం నిలుస్తుంది. ఎండి పెళుసెక్కిన పాత వైరింగ్‌ను కూడా అప్పుడే మార్చుకుంటే రెండు పనులూ కలిసొస్తాయి.

హైదరాబాద్ జెట్, విశాఖ గాలి

కార్బొరేటర్‌లో ఒక్కో భాగం ఒక్కో దశను శాసిస్తుంది. థ్రాటిల్ కొద్దిగా తెరిచినప్పుడు పైలట్ జెట్, సగం వరకు తెరిచినప్పుడు నీడిల్, పూర్తిగా తెరిచినప్పుడు మెయిన్ జెట్ పెట్రోలును నిర్ణయిస్తాయి. కాబట్టి ‘బండి లాగడం లేదు’ అనగానే మెయిన్ జెట్ మార్చడం సరికాదు. ఏ దశలో లాగడం లేదో ముందు తేలాలి. రెండు కార్బొరేటర్లు ఉన్న ఈ బండిలో రెండింటి స్లైడులూ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేవాలి.

గాలి సాంద్రత కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వల్ల అక్కడి గాలి తీరప్రాంతపు గాలి కన్నా దాదాపు 5 శాతం పలచన. ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు పెరిగితే గాలి మరో 6 శాతం పలచబడుతుంది. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో సరిగ్గా కుదిరిన బండిని జనవరి తెల్లవారుజామున విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నడిపితే ఏమవుతుంది? ప్రతి పీల్పులోనూ దాదాపు పదో వంతు ఎక్కువ గాలి లోపలికి వెళుతుంది. జెట్ మాత్రం పాతదే. మిశ్రమం పలచబడి, ఇంజిన్ పట్టేసే ముప్పు పెరుగుతుంది.

కాబట్టి జెట్ ఎంపిక ఎప్పుడూ కొద్దిగా ‘చిక్కని’ వైపే ఉండాలి. పెద్ద జెట్‌తో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా చిన్నదానికి రావాలి. చిన్న జెట్‌తో మొదలుపెట్టి పైకి పోయే పద్ధతిలో మధ్యలోనే పిస్టన్ బలి కావచ్చు.

ఫలితం ప్లగ్ మీద కనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొంత దూరం నడిపి, అదే స్థితిలో ఇంజిన్ ఆపి క్లచ్ నొక్కి పక్కకు ఆపి ప్లగ్ తీసి చూడాలి. లేత గోధుమ రంగు ఉంటే సరైన మిశ్రమం. తెల్లగా ఉంటే పలచన. నల్లగా, జిడ్డుగా ఉంటే మరీ చిక్కన.

సైలెన్సర్ కోస్తే శక్తి పెరుగుతుందా?

పెరగదు. టూ-స్ట్రోక్ బండి సైలెన్సర్ కేవలం పొగ పోయే గొట్టం కాదు. ఇంజిన్‌లో అదీ ఒక పనిముట్టు. సిలిండర్ నుంచి వెలువడిన వాయువుతో పాటు ఒక ఒత్తిడి తరంగం బయలుదేరుతుంది. వెడల్పయ్యే భాగంలో అది లోపలి పొగను బయటికి లాగుతుంది. తిరిగి సన్నబడే చోట వెనక్కి తిరిగి, బయటికి జారిపోబోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది.

తూర్పు జర్మనీలోని ఎంజడ్ సంస్థ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ పద్ధతిని రేసు ఇంజిన్లలో పరిణతికి తెచ్చారు. ఆయన జట్టు రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ రేసు సమయంలో తన దేశాన్ని వీడి, తర్వాత జపాన్‌లోని సుజుకీకి చేరారు. ఆయనతో పాటే ఆ పరిజ్ఞానమూ చేరింది. నాటి జపాన్ టూ-స్ట్రోక్ విజయాల వెనక ఆ వలస కథ ఉంది.

ఈ తరంగం పొడవు, కోణాల కొలతల మీద ఆధారపడి పనిచేస్తుంది. చివర కోసేయడం, లోపలి జాలి పీకేయడం వల్ల చప్పుడు పెరుగుతుంది తప్ప శక్తి పెరుగుతుందన్న హామీ లేదు. పలు సందర్భాల్లో తగ్గుతుంది కూడా. సరైన కొలతలతో చేయించిన ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ నిజంగానే శక్తి పెంచుతుంది. కానీ దానికి తగ్గట్టు జెట్లు మార్చకపోతే మిశ్రమం పలచబడుతుంది.

బోరులోని రంధ్రాలను అరగదీసి పెద్దవి చేసే ‘పోర్టింగ్’ చివరి మెట్టు. ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తు పెంచితే అధిక వేగంలో శక్తి పెరిగి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు తగ్గుతుంది. ఊరిలో తిరిగే బండికి ఇది నష్టమే. తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం. బోరు కొట్టించే ప్రతిసారీ సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల మెట్టు చొప్పున పిస్టన్ పరిమాణం పెరుగుతుంది. ఆ మెట్లు కొన్నే ఉంటాయి. అసలు సిలిండర్లు దొరకడం కష్టమైన ఈ రోజుల్లో ప్రతి మెట్టూ విలువైనదే.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది జరిగిన సవరణ ద్వారా, అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది.

అరిగిన భాగాన్ని అదే రకం కొత్త భాగంతో మార్చడం మరమ్మతు. వేరే ఇంజిన్ బిగించడం, ఫ్రేము కోయడం, బండి మౌలిక స్వరూపాన్ని మార్చడం దిద్దుబాటు కాదు, మార్పు. ఇంజిన్ మార్చవలసి వస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని పత్రంలో నమోదు చేయించాలి. ఫోర్కు, బ్రేకుల వంటి మార్పుల విషయంలో పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడగడం శ్రేయస్కరం. ప్రకటించని మార్పుల కారణంగా బీమా సంస్థ సొంత నష్టం క్లెయిమును తిరస్కరించే అవకాశం కూడా ఉంది.

శబ్దం, పొగ ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద రూ.10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. మూడు నెలలపాటు లైసెన్సు అర్హత కూడా పోతుంది.

కాలుష్య తనిఖీలో పాత బండ్లకు కొంత సడలింపు ఉంది. 2000 మార్చి 31 లోపు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం వరకు అనుమతి. ఆ తర్వాతి టూ-స్ట్రోక్ బండ్లకు ఈ పరిమితులు 3.5 శాతం, 6,000 పీపీఎం. సీళ్లు, రింగులు, కార్బొరేటర్ సరిగా ఉన్న రాజ్‌దూత్‌కు ఈ గీత లోపల ఉండడం సాధ్యమే. తనిఖీలో తప్పిందంటే లోపల ఏదో సరిగా లేదని బండి చెబుతున్నట్లే.

అయితే సడలింపు ఉన్నంత మాత్రాన పొగ నిరపాయకరమైపోదు. టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో కాలకుండా బయటపడే పెట్రోలు, నూనె వాటాయే ఈ తరహా బండ్లు మార్కెట్ నుంచి తప్పుకోవడానికి ప్రధాన కారణం. వీటిని రోజూ కార్యాలయానికి నడిపే బండ్లుగా గాక, అప్పుడప్పుడు బయటికి తీసేవిగా ఉంచుకోవడమే నేటి నగరాలకు తగిన మార్గం.

వరుస ఇదీ

మొత్తం పనిని ఒక క్రమంలో పెడితే ఇలా ఉంటుంది. ముందుగా కాగితాలు, నంబర్లు. తర్వాత కంప్రెషన్, గాలి లీకు పరీక్షలు. ఆ పైన బ్రేకులు, టైర్లు, బేరింగులు. అటు తర్వాత సీళ్లు, పెట్రోలు గొట్టాలు, నూనె సరఫరా. అనంతరం టైమింగ్, దాని తర్వాతే కార్బొరేటర్. టైమింగ్ తప్పుగా ఉండగా కుదిర్చిన జెట్, టైమింగ్ సరిచేయగానే పనికిరాకుండా పోతుంది. ఇవన్నీ కుదిరి, కొన్ని వందల కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగాకే ఛాంబర్ గురించి, ఇతర మార్పుల గురించి ఆలోచించాలి.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. తేదీ, కిలోమీటర్లు, జెట్ నంబరు, వాతావరణం, ప్లగ్ రంగు ఒక పుస్తకంలో రాసుకోవాలి. తీసేసిన అసలు భాగాలను పారేయకుండా భద్రపరచాలి. తనిఖీకి, మళ్లీ అమ్మకానికి, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అవే ఆధారం.

ఈ ఇంజిన్లను చేత్తో పట్టి, చెవితో విని బాగుచేసిన తొలితరం మెకానిక్‌లు ఇప్పుడు వయసు మళ్లినవారు. వారి పనితనంలో చాలా భాగం ఎక్కడా రాసి లేదు. పని చేయిస్తున్నప్పుడు పక్కన నిలబడి, ఏది ఎందుకు చేస్తున్నారో అడిగి రాసుకునే యజమాని తన బండితో పాటు ఆ విద్యలో కొంత భాగాన్ని కూడా నిలబెట్టినవాడవుతాడు.